“నాకు తెలియకే కదా నాన్నా అడిగాను!” పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పాలా, ఎదురు ప్రశ్న వేయాలా?

ప్రశ్న (నాలుగున్నరేళ్ల పాప తండ్రి)

మా పాపకు నాలుగున్నరేళ్లు. నిద్ర లేచింది మొదలు మళ్లీ కళ్లు మూతలు పడేదాకా తన నోట ప్రశ్న ఆగదు. చందమామ మన వెంటే ఎందుకు వస్తాడు, మేడ మీద నిలిచిన వాననీళ్లు ఎక్కడికి పోయాయి, నిన్న ఎక్కడికి వెళ్లిపోయింది, చచ్చిపోయిన చీమ మళ్లీ ఎప్పుడు లేస్తుంది అంటూ ఒకదానికొకటి పొంతన లేకుండా అడుగుతూనే ఉంటుంది. మొదట్లో నేను ప్రతిదానికీ శ్రద్ధగా వివరణ ఇచ్చేవాణ్ణి. ఆకాశం నీలంగా ఎందుకుందని అడిగితే సూర్యకాంతిలోని రంగుల దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. గాలిలోని అణువుల దాకా రాకముందే తను లేచి బొమ్మల దగ్గరికి వెళ్లిపోయేది.

ఆ తరువాత, జవాబులు అందిస్తూ పోతే పిల్లలు ఆలోచించడం మానేస్తారని, వారి ప్రశ్నను వారికే తిప్పి వేయాలని ఒకరు చెప్పారు. ఆ సలహా నాకు ఎంతో నచ్చింది. రెండు నెలలుగా “నువ్వేమనుకుంటున్నావు?” అన్న ఒక్క మాటతోనే నెట్టుకొచ్చాను. మొదటి కొద్ది రోజులు బాగానే సాగింది. చందమామకు మనమంటే ఇష్టం కాబట్టే వెంట వస్తున్నాడని పాప చెప్పినప్పుడు నేను మురిసిపోయాను కూడా. కిందటి వారం సాయంత్రం పెరట్లో నిలబడి, నేల మీద సాగిన తన నీడను చూసి “నా నీడ నాకంటే ఎందుకు పొడుగయింది?” అని అడిగింది. నేను అలవాటు కొద్దీ “నువ్వేమనుకుంటున్నావమ్మా?” అన్నాను. పాప నడుం మీద చేతులు పెట్టుకుని “నాకు తెలియకే కదా నాన్నా అడిగాను!” అంది.

ఆ రోజు నుంచి నన్ను అడగడం తగ్గించి వాళ్లమ్మ దగ్గరికి వెళుతోంది. ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేస్తుంది, ఇద్దరూ సంతోషంగా ఉంటారు. జవాబు చెబితే కుతూహలం చచ్చిపోతుందన్నది నిజమేనా? ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో, దేన్ని తిప్పి అడగాలో ఎలా తెలుసుకోవాలి? ఇంకొక చిన్న సంగతి కూడా ఉంది. తను బొమ్మ గీసి తెచ్చిన ప్రతిసారీ “బ్రహ్మాండం” అంటూ ఒక స్టిక్కర్ ఇస్తున్నాను. అందులో తప్పేమైనా ఉందా?

సమాధానం (చిన్నపిల్లల బడి టీచరు)

ముందుగా మీ పాపకు నా అభినందనలు చెప్పండి. తను అన్న మాటలో న్యాయం ఉంది. అడిగిన మనిషికి ఏదో ఒకటి దక్కకపోతే ఎంత పెద్దవాళ్లమైనా మళ్లీ అడగం. అలాంటిది నాలుగేళ్ల పిల్ల ఎందుకు అడుగుతుంది?

జవాబు వల్ల కుతూహలం చచ్చిపోతుందన్న మాటకు నా అనుభవంలో ఆధారం కనిపించలేదు, పరిశోధనల్లోనూ దానికి ఎదురైన విషయమే ఉంది. ఫ్రేజియర్, గెల్మన్, వెల్మన్ అనే ముగ్గురు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఐదేళ్ల లోపు పిల్లలు పెద్దలతో జరిపిన సంభాషణలను పరిశీలించారు. “ఎందుకు” అన్నదానికి కారణం దొరికినప్పుడు పిల్లలు ఒప్పుకోవడమో, దాని మీద ఇంకొక ప్రశ్న అడగడమో చేశారు. కారణం కాని జవాబు వచ్చినప్పుడు మాత్రం అదే ప్రశ్నను మళ్లీ అడిగారు, లేకపోతే తామే ఒక కారణం కల్పించుకున్నారు. పిల్లలు విసిగించడానికి అడుగుతున్నారని మనం అనుకునే సందర్భాల్లో చాలావరకు మనం చెప్పింది వారికి జవాబుగా తోచలేదన్నమాట.

అయితే ఎదురు ప్రశ్న పనికిరాదని నేను అనడం లేదు. దానికి సమయం, సందర్భం ఉన్నాయి. నేను పాటించే లెక్క ఒక్కటే. పిల్ల తన కళ్లతో చూసి, చేతులతో చేసి తేల్చుకోగల విషయమైతే తిప్పి అడుగుతాను, కాకపోతే చెప్పేస్తాను. ఆకాశం నీలంగా ఎందుకుందో నాలుగేళ్ల పిల్ల ఎంత ఆలోచించినా తేల్చుకోలేదు. ఆ ప్రశ్నకు “సూర్యుడి వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి, గాలి వాటిలో నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది, అందుకే ఎటు చూసినా నీలం కనిపిస్తుంది” అని రెండు వాక్యాలు చెబితే చాలు. ఇంకా కావాలంటే తనే అడుగుతుంది. మేడ మీద నీళ్ల సంగతి అలా కాదు. ఆ ప్రశ్న మీ ఇంటికి నడిచి వచ్చిన బంగారం. దాన్ని మాత్రం చెప్పి పాడుచేయకండి.

మా తరగతిలో ఒక వాన వెలిసిన ఉదయం అదే ప్రశ్న వచ్చింది. నేను నీళ్ల మడుగు చుట్టూ సుద్దముక్కతో గీత గీయించి, గంటకొకసారి వెళ్లి కొత్త గీత గీయమన్నాను. మధ్యాహ్నానికి ఒకదానిలో ఒకటి నాలుగు గీతలు వచ్చాయి, నీళ్లు అరచేయంత మిగిలాయి. ఒక బాబు “నేల తాగేసింది” అన్నాడు. నేను తప్పనలేదు, ఎందుకంటే మట్టి నిజంగానే నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి ఆ ఊహ గాలిలోంచి ఊడిపడినది కాదు. “నేలే తాగిందని మనకెలా తెలుస్తుంది?” అని మాత్రం అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వెనక కూర్చున్న ఒక పాప “పళ్ళెంలో పోద్దాం టీచర్, పళ్ళెం తాగదుగా” అంది. పదునాలుగేళ్ల ఉద్యోగంలో నాకు దొరికిన ప్రశంసాపత్రాలన్నీ ఆ ఒక్క వాక్యం ముందు దిగదుడుపే.

ఆ “చాలాసేపు” గురించి ఒక మాట చెప్పాలి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల మాటలను రికార్డు చేసి గమనించింది ఏమిటంటే, ప్రశ్న వేసిన టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగి, పిల్లలు నోరు విప్పేలోగానే మళ్లీ తామే మాట్లాడేస్తున్నారు. మూడు సెకన్లో అంతకు కాస్త ఎక్కువో ఆగినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడగకుండానే చెప్పేవారు పెరిగారు. మూడు సెకన్లు చెప్పినంత తేలిక కాదు. మనసులో ఒకటి నుంచి మూడు దాకా నిదానంగా లెక్కపెట్టి చూడండి, అదెంత పొడవో తెలుస్తుంది.

సమాధానం (ఇద్దరు పిల్లల తల్లి)

టీచరుగారు చెప్పింది బాగుంది, కానీ పొద్దున్నే ఒక చేత్తో జడ వేస్తూ ఇంకొక చేత్తో బూటు తొడుగుతున్నప్పుడు “దేవుడికి బొడ్డు ఉంటుందా?” అన్న ప్రశ్న వస్తే సుద్దముక్క కోసం వెతికే తీరిక నాకు లేదు. మూడు సెకన్లు కూడా లేవు. అడిగినవారు తండ్రి కాబట్టి ఒక మాట చనువుగా అంటాను. మీ ఆవిడ ఒక్క ముక్కలో చెప్పడానికి కారణం ఆవిడకు సిద్ధాంతం లేకపోవడం కాదు, చేతిలో పని ఉండటం కావచ్చు.

మా ఇంట్లో జరిగేది చెబుతాను. అప్పుడు చెప్పలేని ప్రశ్నను గోడ కేలండర్ మీద ఆ రోజు గడిలో ఒక్క మాటలో రాస్తాం. రాయడం రాని చిన్నవాడు బొమ్మ గీస్తాడు. ఆదివారం నాడు వాటిని చూస్తాం. సగం ప్రశ్నలు అప్పటికి వాళ్లకే గుర్తుండవు, మిగిలిన సగం మాత్రం గట్టివి. ఇక్కడ ఒక్కటే షరతు. “తరువాత చెబుతాను” అన్నవారు తరువాత నిజంగా చెప్పాలి. నేను వరసగా రెండు ఆదివారాలు మరచిపోయేసరికి పెద్దది కేలండర్ మీద రాయడమే మానేసింది, మళ్లీ మొదలుపెట్టడానికి నెల పట్టింది.

ఇంకొకటి, దీపం ఆర్పాక వచ్చే “ఎందుకు” అంతా కుతూహలం కాదు. అది నిద్రను వాయిదా వేసే విద్య. దానికి జవాబు “రేపు” అన్నదే.

సమాధానం (బాలల మనస్తత్వశాస్త్రం బోధించేవారు)

మీ పాప అసాధారణంగా ఏమీ అడగడం లేదు. మిషెల్ షుయినార్డ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో నలుగురు పిల్లలు పెద్దలతో మాట్లాడిన సుమారు 230 గంటల సంభాషణలలో 24,741 ప్రశ్నలు లెక్కకు వచ్చాయి. అంటే గంటకు సగటున నూటికి పైగా. వాటిలో అధికభాగం “అది ఇవ్వవా” వంటి అభ్యర్థనలు కావు, ఏదో ఒక సంగతి తెలుసుకోవడానికి వేసినవే.

టీచరుగారి లెక్కతో నేను ఏకీభవిస్తాను, కానీ జవాబు చెప్పే తీరు గురించి ఒక హెచ్చరిక అవసరం. బోనావిట్జ్, ఆమె సహ పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో చిన్నపిల్లలకు ఒక వింత బొమ్మను ఇచ్చారు. దానిలో కూత పెట్టే గొట్టంతో పాటు ఇంకా కొన్ని విశేషాలు దాగి ఉన్నాయి. “ఈ బొమ్మ ఇలా పనిచేస్తుంది” అని ఒక పెద్దమనిషి కూత పెట్టించి చూపినప్పుడు పిల్లలు చాలావరకు ఆ కూతనే పట్టుకున్నారు, మిగిలిన విశేషాల జోలికి తక్కువగా వెళ్లారు. అదే కూతను అనుకోకుండా వచ్చినట్టు చూపినప్పుడు బొమ్మనంతా తిరగేసి చూశారు. దీన్నిబట్టి నేను గ్రహించింది ఏమిటంటే, జవాబు చెప్పడంలో దోషం లేదు, ఇంతటితో చెప్పవలసింది అయిపోయిందన్న ధ్వనితో చెప్పడంలో ఉంది. “నాకు తెలిసిన ఒక కారణం ఇది” అనడానికీ “కారణం ఇదే” అనడానికీ పిల్లల చెవికి చాలా తేడా ఉంటుంది.

మీ ప్రశ్నలలో చందమామ సంగతి చూడండి. చందమామ తమ వెంటే నడుస్తాడని పిల్లలు నమ్మడాన్ని పిల్లల ఆలోచనా తీరును పరిశోధించిన మనస్తత్వవేత్త జీన్ పియాజే 1920లలోనే నమోదు చేశారు, కాబట్టి మీ పాపది తప్పు అనడం కంటే ఆ వయసు పిల్లల లోకం అనడం సబబు. మీరిద్దరూ వెన్నెల్లో నిలబడి, ఒకరు ఇటు, ఒకరు అటు ఇరవై అడుగులు నడవండి. ఇద్దరూ “నా వెంటే వచ్చాడు” అంటారు. ఒక్కడు రెండు వైపులకు ఎలా వెళ్లాడన్న చిక్కు పాపకు తనంతట తానుగా ఎదురవుతుంది. అప్పుడు చెప్పే జవాబుకు విలువ ఉంటుంది. చందమామ దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, ఆ దూరం ముందు మన ఇరవై అడుగులు లెక్కలోకి రావు, అందుకే ఎక్కడి నుంచి చూసినా ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాడు. అంకె అక్కరలేదు, “చాలా చాలా దూరం” అన్నా చాలు.

నీడకు టార్చిలైటు వాడతారేమో, అక్కడ చాలామంది పొరబడతారు. బొమ్మను టార్చికి దగ్గరగా జరిపితే నీడ పెద్దదవుతుంది, కానీ సాయంత్రం నీడ సాగడానికి కారణం అది కాదు. బొమ్మను నేల మీద కదలకుండా నిలబెట్టి, టార్చిని నడినెత్తి నుంచి మెల్లగా కిందికి దించాలి. సూర్యుడు దిగినకొద్దీ నీడ సాగడం అలా కనిపిస్తుంది.

చీమ ప్రశ్నను మాత్రం దయచేసి తిప్పి అడగకండి. “నిద్రపోయింది” అని కూడా అనకండి, ఎందుకంటే అది విన్న పిల్లలకు నిద్రంటేనే భయం పట్టుకోవచ్చు. దాని ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, ఇక లేవదు అని మెల్లగా, నిజంగా చెప్పండి. ఆ ప్రశ్న వెనక చీమ కాక ఇంకెవరైనా ఉన్నారా అని కూడా కాస్త కనిపెట్టి ఉండండి.

స్టిక్కర్ సంగతి. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో, బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లలలో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని చెప్పి ఇచ్చారు. తరువాతి రోజుల్లో ఆ పిల్లలే తీరిక వేళల్లో గీయడం తగ్గించారు. ముందుగా చెప్పకుండా బహుమతి అందుకున్నవారిలో ఆ తగ్గుదల కనిపించలేదు. స్టిక్కర్ మానేసి, బొమ్మ వంక చూసి కనిపించింది చెప్పండి. “ఈ మూల అంతా నల్లగా నింపావే” అంటే చాలు, మిగిలిన కథ పాపే చెబుతుంది.

అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. తల్లిగారి మాట నిజమే. అది మా ఆవిడకు చదివి వినిపించాను, నవ్వి ఊరుకుంది.

నిన్న నీడ దగ్గరే మొదలుపెట్టాను. ముందుగా పాపతో “ఆ రోజు నువ్వు అడిగితే నేను చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను” అన్నాను. సూర్యుడు కిందికి దిగాడు కాబట్టి వెలుగు పక్క నుంచి వస్తోందని, అందుకే నీడ సాగిందని ఒక్క వాక్యంలో చెప్పి ఆగిపోయాను. ఆ ఆగడమే నాకు కష్టమైంది. పాప కొంతసేపు నేల చూసి “అయితే మధ్యాహ్నం పొట్టిగా ఉంటుందా?” అని అడిగింది. ఈ రోజు పన్నెండు గంటలకు బయటికి వెళ్లి చూశాం. నీడ కాళ్ల దగ్గర ముడుచుకుని ఉంది. పాప దాని మీద ఎక్కి నిలబడి తొక్కాలని చూసింది.

వాన లేదు కాబట్టి నీళ్ల ప్రయోగం పళ్ళెంతోనే మొదలుపెట్టాం. ఒక గ్లాసెడు నీళ్లు వెడల్పాటి పళ్ళెంలో పోశాం, అన్నే నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులో ఉంచాం, రెండూ కిటికీలో పక్కపక్కన పెట్టాం. ఏది ముందు ఖాళీ అవుతుందని అడిగి, మనసులో మూడు దాకా లెక్కపెట్టాను. గ్లాసే ముందు అవుతుందట, ఎందుకంటే గ్లాసులో నీళ్లు ఎత్తుగా ఉన్నాయి కాబట్టి ఆకాశానికి దగ్గరట. నేనేమీ అనలేదు. సాయంత్రానికి పళ్ళెంలో నీళ్లు బాగా తగ్గాయి, గ్లాసులో పెద్దగా తేడా లేదు. పాప స్టూలు వేసుకుని ఎక్కి గ్లాసులోకి ఒకసారి, పళ్ళెంలోకి ఒకసారి చూసి, దిగి వెళ్లి కేలండర్ మీద ఈ రోజు గడిలో ఒక గుండ్రటి గీత, దాని పక్కన ఒక నిలువు గీత గీసి వచ్చింది.