పాత 323 శిక్ష రికార్డులోంచి పోతుందా?

ప్రశ్న: 2013 నాటి కొట్లాట కేసు, ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 323, అంటే కావాలని గాయపరచడం. మేజిస్ట్రేటు కోర్టులో నేరం ఒప్పుకుని వెయ్యి రూపాయల జరిమానా కట్టేశారు. ఇప్పుడు దాన్ని చెరిపించుకునే దారేదైనా ఉందా?

జవాబు 1: జరిమానాతో పోయినా అది శిక్షే అండీ. ఇన్నేళ్లయితే దానంతటదే చెరిగిపోతుందనే చట్టం పెద్దవాళ్లకు మన దగ్గర లేదు. స్టేషన్ చుట్టూ తిరగడం దండగ, తీర్పును పైకోర్టు కొట్టేయాల్సిందే. ముందు సీసీ నంబరు (కోర్టు కేసుకిచ్చిన నంబరు), సంవత్సరం రాసి తీర్పు సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టండి.

జవాబు 2: అప్పీలు జోలికి పోకండి. నేరం ఒప్పుకున్నాక అప్పీలు శిక్ష ఎంత, చట్టబద్ధమేనా అన్నంతవరకే. సెషన్స్ కోర్టులో రివిజన్ (కింది కోర్టు తీర్పు సరైనదేనా చూడమనే పిటిషన్) వేయాలి. గడువు 90 రోజులు కాబట్టి ఆలస్యం మన్నించమని వేరే పిటిషన్ తప్పదు. అందులో తేదీలతో సహా కారణాలుండాలి. ‘తెలియక’ అని ఒక్క ముక్క రాస్తే నిలబడదు. దెబ్బలు తిన్నాయన రాజీకొస్తే సగం పని అయినట్టే. 323 రాజీకి వీలున్న సెక్షన్. రివిజన్‌లో కోర్టు ఆ రాజీకి అనుమతిస్తే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క.

జవాబు 3: తీర్పులో 1958 ప్రొబేషన్ చట్టం (నేరం రుజువైనా మందలించో, మంచి నడవడి షరతుతోనో వదిలేసే చట్టం) మాట ఉందేమో కూడా చూడండి. మందలించి వదిలేసి ఉంటే 12వ సెక్షన్ కింద శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు, శిక్ష మాత్రం రికార్డులో ఉంటుంది. ఈలోగా ఉద్యోగం ఫారంలో అడిగితే ‘అవును’ అనే రాయండి. చిన్న కేసుకన్నా దాచిపెట్టడమే ఎక్కువ ముంచుతుంది.