అప్‌డేట్: 100 పెడితే 97 చూపిస్తున్న పిపెట్ సంగతి

ల్యాబ్‌లో ద్రవాన్ని కొలిచి తీసే 200 మైక్రోలీటర్ల పిపెట్‌ని 100 దగ్గర పెట్టి, అది తీసిన నీళ్లు తూస్తే దాదాపు 100 రావాల్సింది 97 మిల్లీగ్రాములే వస్తున్నాయని పోయినవారం అడిగాను కదా. మీరు చెప్పినట్టే టిప్‌ని (చివర తగిలించే ప్లాస్టిక్ గొట్టాన్ని) ముందు మూడుసార్లు తడిపి, పిపెట్‌ని నిటారుగా పట్టుకుని, 2–3 మిల్లీమీటర్లే ముంచి చూశాను. కాస్త పెరిగింది, అంతే. నీళ్లు లాగి కదపకుండా పట్టుకుంటే పది సెకన్లకే టిప్ చివర చిన్న చుక్క వేలాడింది! విప్పి చూస్తే లోపల గాలి లీకవకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్‌కి సన్నని పగులు. కొత్తది వేశాను. నీళ్లూ టిప్పులూ రెండు గంటలు గదిలోనే ఉంచి, 25 డిగ్రీల దగ్గర పదిసార్లు తూస్తే సగటు 99.5 మిల్లీగ్రాములు. ఆ ఉష్ణోగ్రత దగ్గర నీటి బరువును ఘనపరిమాణంగా మార్చే 1.004తో దాన్ని గుణిస్తే 99.9 మైక్రోలీటర్లు. కొలతను సర్దే క్యాలిబ్రేషన్ స్క్రూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పినవారికి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. అది తిప్పేసి ఉంటే అంకె సరిపోయేది, లీకు అలాగే ఉండేది. పాత స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన గాఢతలతో గీసే పోలిక గ్రాఫు) రేపు మళ్లీ చేస్తున్నాను.