మూజువాణా, మూగవాణా? చిల్లు పడ్డ ఒక అక్షరం

రాతప్రతి:
నాన్నగారు మున్సిపల్ ఆఫీసులో కౌన్సిల్ సెక్షన్ గుమాస్తా. ఎజెండా తయారుచేయడం, మీటింగులో ఓ మూల కూర్చుని మినిట్స్ రాసుకోవడం, తర్వాత వాటిని తీర్మానాల రిజిస్టరులోకి ఎక్కించడం, ఇదే ఆయన పని. ఆయన పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత ఎజెండా కాగితం ఒకటి దొరికింది, సగం చిరిగినది. వెనకవైపు పెన్సిలుతో ఇలా ఉంది:

చేతులెత్తమన్న చెవిటివాడయ్యెను
మూ_వాణి నెగ్గె మురుగుకాల్వ

పై రెండు పాదాలూ చిరిగిన ముక్కతో పోయాయి. నేను గీత పెట్టిన చోట ట్యాగు కోసం పంచ్ కొట్టిన చిల్లు ఉంది. సరిగ్గా ఆ అక్షరం మీదే! చిన్నప్పుడు ఆయన నోట విన్నాను, 'మూజువాణి' అనేవారని నా గుర్తు. తమ్ముడు మాత్రం 'మూగవాణి' అని ఒట్టేసి చెబుతున్నాడు. పద్యం మొత్తం ఎవరికైనా వచ్చా?

గణయతి:
ఆటవెలది. చిక్కేమిటంటే రెండూ సరిపోతాయి. మూజు-వాణి, మూగ-వాణి ఎలా చదివినా గలం, గలం, అంటే గురువు, లఘువు. యతి 'మూ'కీ 'ము'కీ, కాబట్టి చిల్లు పడ్డ అక్షరంతో దానికి పనే లేదు. ఇక అర్థమే తేల్చాలి. పైన చెవిటి ఉంది, కింద మూగ రావడం కవికి సహజం. నా ఓటు మూగకే.
ఒక్క సంగతి మాత్రం ఛందస్సు తేల్చేసింది. పేపర్లలో 'మూజువాణీ ఓటు' అని దీర్ఘం పెడుతుంటారు చూడండి, ఆ దీర్ఘం ఇక్కడ చెల్లదు. ణీ అంటే గురువు, గణం కూలిపోతుంది.

దస్తరఖానా:
గణయతి గారూ, మూగకు ఓటేమిటండీ. కౌన్సిల్ గుమాస్తా రాసుకున్న పద్యంలో కాలువ 'నెగ్గింది' అంటే అది మూజువాణి ఓటే, ఇంకో మాట అక్కర్లేదు. చెయ్యెత్తితే ఎవరు ఎటో లెక్క తేలిపోతుంది. అందుకే చేతులెత్తమనగానే మెంబరుకు చెవుడొచ్చింది. గుంపులో గొంతు కలిపితే ఎవరి పేరూ బయటపడదు. పద్యం ప్రాణమంతా అక్కడే ఉంది.
మాట మూలం ఉర్దూ: 'ముహ్ జబానీ', అంటే నోటిమాటగా. దస్తావేజు లేకుండా నోటితో చెప్పే సాక్ష్యాన్ని మూజువాణి సాక్ష్యం అనేవాళ్ళు. అందులో ఉన్న 'వాణి'కీ చదువులతల్లికీ ఏ చుట్టరికమూ లేదు.

అరసున్న:
మూలం ఒప్పుకుంటాను. కానీ జబానీలో బ ఉంది, మన మాటలో వ ఎలా వచ్చింది? జవాబులో బ అలాగే ఉంది. కితాబు, నవాబు, హిసాబు, ఎక్కడా వ కాలేదు. దీనికి మాత్రమే ఎందుకు తెగులు పట్టింది?

దస్తరఖానా:
తెగులు కాదు, ఆకర్షణ. మనకు వాణి అనే మాట ముందే ఉంది, పైగా అర్థమూ గొంతే. విన్నవాడు 'బానీ'ని 'వాణి' చేసేసుకున్నాడు. న కాస్తా ణ కావడం కూడా అందుకే, లేకపోతే ఉర్దూ నకారానికి ణకారం ఎక్కడిది? కచేరీలోకి వచ్చిన ఉర్దూ మాటకు మనవాళ్ళు జంధ్యం వేశారు, అంతే.

అరసున్న:
జంధ్యం బాగుంది. కానీ గణయతి గారి హ్రస్వం సంగతి అంత తేలిక కాదు. రాజీ, బాకీ, ఖాళీ, హామీ, అన్నీ దీర్ఘాంతాలే. ఆ లెక్కన పేపరువాళ్ళ 'మూజువాణీ'యే రైటు, పద్యం రాసినాయన గణం కోసం కుదించాడు.

గణయతి:
మీరు ఏరినవన్నీ రెండక్షరాల మాటలు. మూడూ నాలుగూ అయితే చివర పొట్టిదైపోతుంది: కచేరి, చాకిరి, నౌకరి. నాలుగక్షరాల మూజువాణికి దీర్ఘం ఎక్కడ నిలుస్తుంది?

అరసున్న:
తయారీ.

గణయతి:
ఒక్క తయారీతో సూత్రం పోదు.

అరసున్న:
జమాబందీ. మీ ఆఫీసు మాటే, నాలుగక్షరాలు.

వార్డుమెంబరు:
పెద్దలు దీర్ఘాలు కొలుస్తున్నారు కాబట్టి మధ్యలో వస్తున్నాను. నేను ఒక టర్మ్ కౌన్సిలర్‌గా చేశాను, ఎక్కడని అడక్కండి. మూజువాణి అంటే ఏమిటో లోపల కూర్చున్నవాడికే తెలుస్తుంది. అరవై అంశాల ఎజెండా గంటన్నరలో అయిపోతుంది. అంశం నంబరు చదువుతారు. 'ఫలానా వీధిలో కాలువ పూడికతీతకు అంచనా...' అని వాక్యం సగంలో ఉండగానే వెనక వరసలోంచి 'ఆమోదం' అని ఓ కేక. ఛైర్మన్ తలెత్తకుండా టిక్కు పెట్టి తర్వాతి నంబరుకు పోతారు. పదిహేనో అంశం దాటాక ఎవరికీ ఎజెండా తిప్పే ఓపిక కూడా ఉండదు. ఇక చివర్లో టేబుల్ ఐటమ్స్ వస్తాయి, అంటే మనం ముందుగా చూడని కాగితాలు. ఎక్కువగా అప్పటికే చేసేసిన పనులకు ర్యాటిఫికేషన్.
కాదంటే? కాదన్న గొంతు కూడా ఆ గోలలో ఆమోదంలాగే వినబడుతుంది. మీటింగు అయ్యాక గుమాస్తా బల్ల దగ్గర నిలబడి 'నా అసమ్మతి రాయండి సార్' అని రాయించుకోవాలి. నిలబడకపోతే మర్నాడు మినిట్స్‌లో 'సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అనే ఉంటుంది. ఒకసారి లేచి డివిజన్ అడిగాను, అంటే తలలు లెక్కపెట్టమని. పక్క కుర్చీ ఆయన 'ఎన్నో డివిజనూ?' అన్నాడు. కార్పొరేషన్లలో వార్డునే డివిజన్ అంటారు కదా, ఆయన చుట్టాలంతా అక్కడే.

అరసున్న:
'సభ్యులు ఆమోదించడమైనది' ఏం వాక్యమండీ? కర్త సభ్యులు, క్రియేమో ఎవరిదీ కాదు. 'సభ్యులు ఆమోదించారు' అంటే పోయేదానికి!

దస్తరఖానా:
పోయేది బాధ్యత. ఆమోదించారు అంటే రేపు ఆడిట్‌లో 'ఎవరు?' అని అడుగుతారు. ఆమోదించడమైనది అంటే ఎండ కాసినట్టు, వాన పడినట్టు అన్నమాట. తీర్మానించడమైనది, కోరడమైనది, తిరస్కరించడమైనది. ఆఫీసు తెలుగంతా ఈ 'అడమైనది' మీదే నిలబడింది.

అరసున్న:
ఏకగ్రీవం మాత్రం? గ్రీవం మెడ. గొంతు అని చెప్పాలంటే కంఠం ఉంది, ఏకకంఠంగా అంటే అర్థమూ ఉంది. అందరూ ఒప్పుకోవడానికి మెడతో ఏం పని?

గణయతి:
ఎన్నికల్లో చూడండి. పోటీ లేకుండా గెలిస్తే ఏకగ్రీవం అంటాం. దండ వేయడానికి ఒక్క మెడే మిగిలిందన్నమాట. అక్కడి నుంచి తీర్మానాలకు పాకి ఉంటుంది. ఇది నా ఊహే, నిఘంటువు అడక్కండి.

చాటువు:
మెడ, దండ అన్నారు, ఇక నన్ను ఆపకండి. పురపాలన, బకాయిలు అనగానే నాకు శ్రీనాథుడే గుర్తొస్తాడు.

కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా
పురవీధి నెదురెండ పొగడదండ

బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని, కట్టాల్సింది కట్టలేక వీధిలో ఎండలో నిలబడ్డ కవిసార్వభౌముడు. ఆ చాటువు ఆయనదేనని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. 'కంఠంబు' అన్నాడు చూశారా అరసున్న గారూ, గ్రీవం అనలేదు. పొగడదండ పూలదండలా వినిపిస్తుంది, కానీ శిక్ష. ఆ ఒక్క మాటలో ఎంత వెటకారం! ఆస్తిపన్ను బకాయిదారుల జాబితా నోటీసు బోర్డు మీద అంటించినప్పుడల్లా ఈ పాదం మనసులో మెదులుతుంది. పాపం ఆయన కాలంలో వడ్డీ మాఫీ స్కీములు కూడా లేవు.

గణయతి:
సీసపద్యం కింద వచ్చే ఎత్తుగీతి వదిలేస్తే ఎలా?

కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము
బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు
బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి
నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు

దరఖాస్తు అంటే ఇలా ఉండాలి. వరద నష్టం ఒక పాదం, పంట నష్టం ఒక పాదం, తప్పు ఒప్పుకోలు ఒక పాదం, బకాయి మొత్తం అంకెతో సహా చివరి పాదం. ఏ రెవెన్యూ సెక్షన్ అయినా ఫైలు ఓపెన్ చేసి తీరాలి.

చాటువు:
అంతా బాగుంది, 'గొడ్డేరి' మాత్రం నాకు ముప్పై ఏళ్ళుగా కొరుకుడు పడలేదు. గొడ్డు నేలను ఏరి తీసుకున్నాననా?

అరసున్న:
కాదు. ఏరువాకలోని ఏరు. గొడ్డునేలకు నాగలి కట్టాననడం. 'ఏరి కోరి' అనుకుంటే కవి తన తెలివితక్కువతనాన్ని చెప్పుకున్నట్టు. నాగలి అనుకుంటే తన కష్టాన్ని చెప్పుకున్నట్టు. బకాయి మాఫీ అడిగేవాడు దేన్ని చెప్పుకుంటాడు?

చాటువు:
పక్కనే 'మోసపోతి' ఉంది. కష్టపడ్డవాడు నష్టపోయాను అంటాడు, ఏరుకున్నవాడే మోసపోయాను అంటాడు.

అరసున్న:
రాతప్రతుల్లో అక్కడి రేఫ సాధురేఫమో (ర) శకటరేఫమో (ఱ) చూశారా?

రాతప్రతి:
పెద్దలూ, నా మురుగుకాలువ...

దస్తరఖానా:
క్షమించాలి. మీ కాగితం మీద నాకో అనుమానం ఉంది. ట్యాగు చిల్లు ఎప్పుడూ ఎడమ పైమూలన కొడతారు. కాగితం వెనక్కి తిప్పితే అది కుడివైపు రావాలి. మీ పాదం ఎడమన మొదలవుతుంది, రెండో అక్షరం మీద చిల్లెలా పడింది? కుడివైపు ఉంటే అది 'కాల్వ' మీద పడాలి.

రాతప్రతి:
మంచి ప్రశ్న. నేనూ ఇప్పుడే మళ్ళీ తీసి చూశాను. ఆయన కాగితాన్ని పక్కకు తిప్పలేదు, కింది అంచు పట్టుకుని పైకి తిరగేసి రాశారు. అందుకని ఎడమ ఎడమే అయింది, ముందువైపు పైభాగం వెనకవైపు అడుగు అయింది. పద్యంలో చివరి పాదాలే మిగలడానికీ కారణం అదే. ముందువైపు మిగిలిన టైపు ఇది: '1. గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరణ. 2. వీధిదీపాల సామగ్రి కొనుగోలు. 3. మురుగు కాలువ పూడికతీత టెండరు ఆమోదం.' మూడో దాని పక్కన నాన్న పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టారు.

దస్తరఖానా:
అయితే పద్యం ఎక్కడో విన్నది కాదు, ఆయనే కట్టారు! మీటింగులో కూర్చునే కట్టి ఉంటారు. ఇంకెక్కడ వెతికినా దొరకదు.

గణయతి:
చిల్లు చుట్టూ ఏమైనా మిగిలిందా? గ అయితే పైన తలకట్టు కొస కనబడాలి. జు అయితే కుడివైపు కొమ్ము.

రాతప్రతి:
భూతద్దం పెట్టి చూశాను. చిల్లు పైన చిన్న పెన్సిలు గీత ఉంది. తలకట్టే అనుకుని తమ్ముడికి ఫోన్ చేయబోయాను. కానీ సరిగ్గా దాని పైన పై పాదంలో 'చేతు' ఉంది, నాన్న తు రాస్తే కొమ్ము కింది వరస దాకా దిగేది. ఆ గీత దానిదే కావచ్చు. కుడివైపు ఏమీ లేదు, ట్యాగు రాసుకుని కాగితం నున్నగా అరిగిపోయింది.

వార్డుమెంబరు:
నాకు రెండూ ఒకటేనండీ. గట్టిగా అరిచి నెగ్గించేదీ నేను చూశాను, నోరు మెదపకుండా నెగ్గించేదీ చూశాను.

చాటువు:
దొరకవని తేలింది కాబట్టి పై పాదాలు మనమే పూరిద్దాం. నా ప్రయత్నం:

పూడికెత్తు పనికి పుట్టెడు మాటలు
లెక్క అడిగినపుడు కాగితమ్ము

గణయతి:
మొదటిది భేష్. రెండోదాంట్లో లె ఎక్కడ, కా ఎక్కడ? యతి ఏదండీ? పైగా కాగితం ఉందో లేదో చెప్పకుండానే ఆపేశారు. ఇలా చూడండి: 'లెక్క యడుగ నొక్క లేఖ లేదు'.

రాతప్రతి:
బాగుంది గానీ, నాన్న జన్మలో 'లేఖ' అన్న మనిషి కాదు. శుభలేఖను కూడా కార్డు అనేవారు.

అరసున్న:
యతి కోసం ఆఫీసు కాగితాన్ని ప్రేమలేఖ చేసేశారు గణయతి గారు.

గణయతి:
సరే, తీసేశాను. 'లెక్క యడుగ నొక్క లెక్క లేదు'.

రాతప్రతి:
ఇది నాన్నలాగే ఉంది.

చాటువు:
పూడికెత్తు పనికి పుట్టెడు మాటలు
లెక్క యడుగ నొక్క లెక్క లేదు
చేతులెత్తమన్న చెవిటివాడయ్యెను
మూజువాణి నెగ్గె మురుగుకాల్వ

వార్డుమెంబరు:
ఆమోదం.

దస్తరఖానా:
ఆమోదం.

గణయతి:
ఎవరు పెట్టారండీ అక్కడ జు? నేను డివిజన్ అడుగుతున్నాను.