వడ్డీ రేటు తగ్గింది: ఈఎంఐ తగ్గించుకోవాలా, గడువు తగ్గించుకోవాలా?

పోరంకి టీచర్:
మాది పోరంకిలో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. 2023లో 20 ఏళ్లకి 30 లక్షల లోన్ తీసుకున్నాం, 9 శాతం వడ్డీ. నెలకి 26,992 కడుతున్నాం. తీర్చాల్సిన అసలు ఇంకా సుమారు 28 లక్షల 50 వేలు ఉంది, 210 నెలలు మిగిలాయి. 2025 మొదట్లో 6.50 శాతం ఉన్న రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు) డిసెంబరుకి 5.25కి దిగింది కదా, దాంతో మా రేటు 7.75 అయింది. ఇప్పుడు బ్యాంకు వాళ్లు ఈఎంఐ తగ్గించమంటారా, అదే ఈఎంఐ ఉంచి గడువు తగ్గించమంటారా అని అడుగుతున్నారు. మావారు గడువే తగ్గించుకుందాం అంటున్నారు. నాకేమో నెల కాస్త తేలికపడితే చాలనిపిస్తోంది. జూన్ వచ్చిందంటే ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలు, బస్సు డబ్బులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇంట్లో రెండు వారాలుగా ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

గుంటూరు లెక్కల మాస్టారు:
మీవారి మాటే సరైనదమ్మా. 28.50 లక్షల మీద 7.75 శాతం అంటే ఈ నెల వడ్డీ 18,406. మీరు 26,992 కడితే అసలులోకి 8,586 పోతుంది. రేటు 9 ఉన్నప్పుడు ఇదే బాకీ మీద అసలుకి పోయేది 5,617 మాత్రమే. ఈఎంఐ మార్చకుండా ఉంచితే 178 నెలల్లో అప్పు తీరిపోతుంది, అంటే 32 నెలలు ముందే. తగ్గించుకుంటే ఈఎంఐ 24,831 అవుతుంది. నెలకి 2,161 మిగులుతుంది కానీ 210 నెలలూ కట్టాలి. మొత్తం మీద తేడా 4 లక్షల 10 వేల పైమాటే. నెలకి రెండు వేలు ఎటు పోయిందో ఎవరికీ గుర్తుండదు. 4 లక్షలంటే మీ పెద్దబిడ్డ ఇంజినీరింగ్‌లో ఒకటి రెండేళ్ల ఫీజు. అంత సొమ్ము వదులుకోమని నేను చెప్పలేను.

సింగ్‌నగర్ షాపు:
మాస్టారూ, మీ లెక్క తప్పనను. నాకు జరిగింది కూడా ఒకసారి వినండి. 2024 ఏప్రిల్‌లో చేతిలో ఉన్న 2 లక్షలూ హోమ్ లోన్‌కి కట్టేశాను, గడువు తగ్గుతుందని. ఆ సెప్టెంబరు 1న, ఆదివారం, బుడమేరు వాగు పొంగి నీళ్లు మా వీధిలోకి వచ్చేసరికి నా దగ్గరున్నది పదకొండు వేలు. షాపులో ఫ్రిజ్‌లు, సరుకు అన్నీ వారం పైనే నీళ్లలో నానాయి. ప్రభుత్వం ఇచ్చిన 25,000 ఇంట్లో పరుపులకి, గ్యాస్ పొయ్యికి, బియ్యానికి సరిపోయింది. షాపు మళ్లీ తెరవాలంటే డబ్బెక్కడిది? కట్టేసిన 2 లక్షలు బ్యాంకు వెనక్కి ఇవ్వదు కదా. ఉన్న హోమ్ లోన్ మీదే ఇచ్చే అదనపు అప్పుకి, అదే టాప్‌అప్ లోన్‌కి, అప్లై చేసుకోమన్నారు. ఆదాయం కాగితాలు తెమ్మన్నారు, ఆ కాగితాలే నీళ్లలో పోయాయి. చివరికి నూటికి రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాను. నెలకి 4,000 వడ్డీ. అదే 2 లక్షలు హోమ్ లోన్‌లో బాకీగా ఉండి ఉంటే అప్పటి రేటుకి నెలకి 1,500 అయ్యేది. పద్నాలుగు నెలలు అలా కట్టాను. అక్కా, ఇంట్లో ఆరు నెలల ఈఎంఐకి సరిపడా డబ్బు ఉందా? లేకపోతే గడువు సంగతి తర్వాత చూసుకోండి.

బ్రాడీపేట సిప్:
రెండూ వద్దండీ. ఈఎంఐ తగ్గించుకుని ఆ 2,161 ప్రతి నెలా మ్యూచువల్ ఫండ్‌లో సిప్ (నెలనెలా ఇంత అని పెట్టే పద్ధతి) వేయండి. పదిహేడేళ్లలో లోన్ వడ్డీ కంటే ఎక్కువే రావచ్చు.

గుంటూరు లెక్కల మాస్టారు:
రావచ్చు, రాకపోవచ్చు. లోన్‌కి కట్టిన రూపాయి మీద 7.75 శాతం ఆదా మాత్రం ఖాయం, దాని మీద పన్నూ లేదు. ఈక్విటీ (షేర్ల) ఫండ్ దీర్ఘకాల లాభం ఏడాదిలో 1.25 లక్షలు దాటితే ఆ పై మొత్తం మీద 12.5 శాతం పన్ను ఉంది. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీ మీద మినహాయింపు కూడా లేదు, కాబట్టి అప్పు ఉంచుకుంటే పన్ను కలిసొస్తుందన్న మాట చాలామందికి ఇప్పుడు వర్తించదు.

వన్‌టౌన్ అకౌంట్స్:
ఈఎంఐ తగ్గించుకోవడం, గడువు తగ్గించుకోవడం నిజానికి రెండు వేరు దారులు కావు. ఈఎంఐ 24,831కి తగ్గించుకుని, ప్రతి నెలా ఆ 2,161 అదనంగా అసలుకి కడితే అప్పు అదే 178 నెలల్లో తీరుతుంది. పైసా తేడా రాదు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (మీ దానిలా వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్ మీద ముందుగా కడితే పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన, బ్యాంకులకి 2012 నుంచే ఉంది. తేడా ఎక్కడంటే, 26,992 ఈఎంఐ ఐతే ఏ నెలలో ఇబ్బందొచ్చినా కట్టి తీరాలి, ఆలస్యమైతే సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నామా అని బ్యాంకులు చూసే మార్కు) దెబ్బతింటుంది. తక్కువ ఈఎంఐ ఐతే ఆ నెలకి అదనం ఆపితే సరిపోతుంది. జూన్‌లో ఆపండి, జూలైలో మళ్లీ మొదలుపెట్టండి.

ఒక్క జాగ్రత్త. అదనంగా కట్టేటప్పుడు అది అసలు కిందే జమ కావాలని రాసిచ్చి అడగండి. కొన్నిచోట్ల దాన్ని వచ్చే నెల ఈఎంఐకి అడ్వాన్స్‌గా పెడతారు, అప్పుడు అసలు తగ్గదు. మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ తీసి బాకీ అంకె చూసుకోండి. మా క్లయింట్ ఒకాయన రెండేళ్లు చూసుకోలేదు, కట్టిన అదనమంతా అడ్వాన్స్ ఖాతాలోనే ఉండిపోయింది. అది చూసినప్పుడు ఆయన ముఖం నేను మర్చిపోలేను.

మిర్చి యార్డు:
మాదీ ఇదే పద్ధతి. కమీషన్ వ్యాపారం, ఫిబ్రవరి నుంచి మే దాకా చేతిలో డబ్బు ఆడుతుంది, మిగతా నెలలు అంతంతమాత్రం. ఈఎంఐ తక్కువ పెట్టుకున్నాను, సీజన్ అయ్యాక ఒకేసారి అసలుకి కడతాను.

గుంటూరు లెక్కల మాస్టారు:
వన్‌టౌన్ గారి లెక్క నేనూ వేసి చూశాను, సరిగ్గానే ఉంది. నా భయం మనుషుల గురించి. కట్టకపోయినా ఎవరూ అడగని డబ్బుని పదిహేనేళ్లు క్రమం తప్పకుండా ఎంతమంది కడతారు? బ్యాంకు ఖాతాలోంచి దానంతట అదే కోసుకుంటే తప్ప నాకు నమ్మకం లేదు.

పోరంకి టీచర్:
మీ అందరి మాటలూ రాత్రి మావారికి చదివి వినిపించాను. సింగ్‌నగర్ తమ్ముడు రాసింది విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నది 1 లక్షా 10 వేలు. ఆరు నెలల ఈఎంఐ అంటే 1,48,986. అందుకని ఈఎంఐ తగ్గించుకుంటున్నాం. మిగిలే 2,161 ముందు ఏడాదిన్నర ఆర్డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో) వేస్తాం, ఆ లోటు పూడేదాకా. తర్వాత అదే డబ్బు ప్రతి నెలా 5వ తేదీన నేరుగా లోన్ ఖాతాకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇస్తాం. మాస్టారూ, ఈ ఏడాదిన్నర ఆలస్యానికి మేమెంత నష్టపోతాం?

గుంటూరు లెక్కల మాస్టారు:
ఆర్డీ మీద 6.5 శాతం వస్తుందనుకుంటే, ఆ ఏడాదిన్నరలో మీకు పోయేది నాలుగొందల లోపేనమ్మా. నేను ఇంకా ఎక్కువ ఉంటుందనుకున్నాను. నిశ్చింతగా చేయండి. ఆ స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ కాగితం మాత్రం ఈఎంఐ మార్చే రోజే, పద్దెనిమిది నెలల తర్వాతి తేదీ వేసి ఇవ్వగలరేమో బ్రాంచిలో అడగండి.

పోరంకి టీచర్:
శనివారం బ్రాంచికి వెళ్తున్నాం మాస్టారూ. రెండో శనివారం కాదు, చూసుకున్నాను.