సినిమా కబుర్లు, సెలవుల కబుర్లతో ఇంగ్లిష్ గ్రామర్ వస్తుందా?

హాస్టల్_బ్యాచ్: రాత్రి భోజనాలయ్యాక మేం నలుగురం ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకోవాలని పెట్టుకున్నాం. కూర్చుంటే చూసిన సినిమాలు, తిరిగిన ఊళ్ళు తప్ప ఇంకేమీ తోచట్లేదు. దీంతో గ్రామర్ ఏమైనా వస్తుందా, వట్టి టైంపాసేనా?

చాక్‌పీస్: ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. ఆ రెండు టాపిక్‌లూ వదలకండి. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ప్రెజెంట్ పర్ఫెక్ట్ ("ఐ హావ్ సీన్"), సింపుల్ పాస్ట్ ("ఐ సా") దగ్గర. తెలుగులో "చూశాను" అంటే రెండింటికీ సరిపోతుంది కాబట్టి తేడా చెవికి ఆనదు. "హావ్ యూ ఎవర్ బీన్ టు అరకు?" అని ఒకరు అడగాలి. "యెస్, ఐ హావ్" అనగానే ఆపకుండా "వెన్ డిడ్ యూ గో?" అనాలి. ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళాడా లేదా అన్నంతవరకే "హావ్". ఎప్పుడు, ఎవరితో, బొర్రా గుహల్లో ఏం చూశావు అన్న వివరాల్లోకి దిగితే వెంట్, సా, ఏట్. సినిమాలకూ అంతే. "ఐ హావ్ సీన్ మాయాబజార్ మెనీ టైమ్స్" సరే. "ఇట్ కేమ్ అవుట్ ఇన్ 1957", ఇక్కడ సంవత్సరం వచ్చింది కాబట్టి "హాజ్ కమ్" అనకూడదు. యెస్టర్‌డే, లాస్ట్ ఇయర్ లాంటి మాట పక్కన ఉంటే "హావ్" పెట్టొద్దు. ఆ రెండో ప్రశ్న వేయకపోతే మాత్రం మీది టైంపాసే.

వరంగల్_పోరడు: మస్తు చెప్పిన్రు మేడం. ఒకటి కలుపుత. "మా అన్న హాజ్ గాన్ టు గోవా" అంటే ఇంక ఆడనే ఉన్నడు. పోయి వచ్చిండంటే "హాజ్ బీన్ టు గోవా". అన్న పక్కనే కూసోని ఉంటే "గాన్" అనుడేంది!

మంచుఊరు: అమెరికాలో ఉంటాను. ఇక్కడ ఆఫీసులో "డిడ్ యూ సీ ఇట్ యెట్?" అని మామూలుగానే అంటారు, ఎవరూ తప్పు పట్టరు. బ్రిటిష్ పుస్తకాలే "హావ్ యూ సీన్" అని పట్టుబడతాయి. పరీక్షలకైతే చాక్‌పీస్ గారు చెప్పినట్టే వెళ్ళండి.

అనుమానం_అప్పారావు: నలుగురికీ రానప్పుడు ఎవరు ఎవర్ని దిద్దుతారు? రోజూ కూర్చుని "ద మూవీ ఈజ్ గుడ్, ఐ వాజ్ బోరింగ్" అనుకుంటే ఆ తప్పే నాలుకకు అలవాటైపోతుంది. ముందు పుస్తకం, తర్వాతే కబుర్లు.

చాక్‌పీస్: అప్పారావు గారి భయం న్యాయమే. ఫోన్‌లో రికార్డు పెట్టుకోండి. వారానికోసారి వినేటప్పుడు ఒకే ఒక్క విషయం పట్టుకోండి, ఒక వారం "హావ్", ఇంకో వారం బోర్డ్, బోరింగ్. సినిమా బోరింగ్, మనం బోర్డ్. అన్నీ ఒకేసారి దిద్దబోతే నోరు పెగలదు.

హాస్టల్_బ్యాచ్: థాంక్స్ మేడం. మరి కథ చెప్పేటప్పుడు ఏ టెన్స్? హీరో కేమ్ అనాలా, కమ్స్ అనాలా?

చాక్‌పీస్: కమ్స్. ఇందులో మనకు లాభమే. "హీరో ఊళ్ళోకి వస్తాడు, విలన్ని చూస్తాడు" అని మనమూ అలాగే చెప్తాం కదా. అయితే చివర ఆ "ఎస్" మింగేస్తారు, "హీరో కమ్, హీరో సీ" అంటారు. అక్కడే చెవి పెట్టండి. ఇంకోటి, "ఒక పోలీసు ఉంటాడు" అన్నప్పుడు "ఎ పోలీస్ ఆఫీసర్", తర్వాత "ఆ పోలీసు" అన్నప్పుడు "ది". కథ చెప్తుంటే ఆర్టికల్స్ ఇంత తేలిగ్గా పట్టుబడతాయి.

ఐఈఎల్‌టీఎస్_రెండోసారి: విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఉంది కదా, దాని స్పీకింగ్ రెండో పార్ట్‌లో కార్డు ఇచ్చి ఒక్క నిమిషం ఆలోచించుకోమంటారు. తర్వాత రెండు నిమిషాల దాకా మనమే మాట్లాడాలి. వెళ్ళిన ఊరు, నచ్చిన సినిమా లాంటివి వస్తుంటాయి. కోచింగ్‌లో బట్టీ పట్టించిన సమాధానం అప్పజెప్తే ఎగ్జామినర్‌కి ఇట్టే తెలిసిపోతుంది. నాకైతే రూమ్మేట్స్‌తో వేసుకున్న సోదే ఎక్కువ పనికొచ్చింది.

హాస్టల్_బ్యాచ్: సంక్రాంతి ప్లాన్ల మీద కూడా మాట్లాడుకుందాం అనుకుంటున్నాం. "వియ్ విల్ గో" సరిపోతుందా?

వరంగల్_పోరడు: టికెట్ బుక్ అయితే "వియ్ ఆర్ గోయింగ్ ఆన్ సాటర్‌డే". అనుకున్నరు గానీ బుక్ చెయ్యలేదంటే "గోయింగ్ టు గో". గిప్పుడే మాటల్ల డిసైడ్ అయితే "విల్". సంక్రాంతికి ట్రైన్ టికెట్ దొరకలేదంటే "మైట్" తమ్మీ, గంతే.