చాకు కొనాలి: తుప్పు పట్టే ఉక్కా, నూరుడు పడని ఉక్కా?

పుల్లమామిడి:
జేబులో పెట్టుకునే మడత చాకు ఒకటి కొందామనుకుంటున్నా. నాలుగు వేల లోపు. పెద్ద పనేం లేదు. ఆఫీసులో పండ్లు కోసుకోవడం, కొరియర్ కవర్లు, నెలకోసారి ఊరెళ్తే తోటలో తిరగడం. ఒపినెల్ అనే ఫ్రెంచి కంపెనీ మడత చాకు, ఎనిమిదో నంబరు చూశా. కార్బన్ ఉక్కుది ఒకటుంది, స్టెయిన్‌లెస్‌ది ఒకటుంది. ఏది మేలు? ఇంట్లో నూరే సరంజామా ఏమీ లేదు.

సానరాయి:
కార్బన్. రెండో మాట లేదు. అందులో 0.9 శాతం దాకా కార్బన్ ఉంటుంది, రాయి మీద పెట్టగానే మాట వింటుంది. నిమ్మకాయ కోస్తే నల్లబడుతుంది, భయపడకు. ఆ నలుపే తర్వాత ఎర్ర తుప్పుని కొంత ఆపుతుంది. నా చాకు మా ఊరి కమ్మరి లారీ కమాను కట్టతో చేసింది. పొద్దున కాఫీ తాగి అరుగు మీద కూర్చుని ఐదు నిమిషాలు నూరతాను. సాయంత్రం దాకా కొబ్బరాకు, అరటి గెల, ఏదైనా ఒక్క వేటు.

టెక్సాస్_రాజా:
అడిగింది ఆఫీసులో పండ్లు కోసుకునే మనిషండీ. జామకాయ కోసి తుడవడం మర్చిపోతే మధ్యాహ్నానికి మచ్చలు. స్టెయిన్‌లెస్ తీసుకో తమ్ముడూ. బడ్జెట్ పెంచగలిగితే ఎస్30వి అనే ఖరీదైన స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసింది చూడు. నా దగ్గరున్నదానికి మూడేళ్ళలో నాలుగుసార్లే పదును పెట్టాను.

సానరాయి:
మూడేళ్ళలో నాలుగుసార్లా! అంటే అది జేబులోనే ఉంటుందన్నమాట.

నల్లమల_నడక:
కార్బన్ అనే ముందు నా గోడు వినండి. వానాకాలంలో ట్రెక్కింగ్‌కి వెళ్ళి తడి సాక్సులతో పాటు కార్బన్ చాకుని సంచిలో పడేశాను. రెండు రోజుల తర్వాత తీస్తే తెరుచుకోలేదు. తెరిస్తే బ్లేడు మీద గుంటలు. ఆ రోజే వదిలేశా.

సానరాయి:
తడి సాక్సుల్లో పెడితే తుప్పు పట్టదా? ఒక్క చుక్క కుట్టుమిషను నూనె రాస్తే అయిపోయేది.

ఉక్కుపిచ్చి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వోయ్సీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త అది చూసి రాశాడు. ఆ ఉక్కులో కార్బన్ 1.5 శాతం దగ్గర ఉండేది. ఇంగ్లీషువాళ్ళు దానికి పెట్టిన వుట్జ్ అనే పేరు మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందంటారు. ఎస్30వి లోనూ కార్బన్ దాదాపు అంతే, 1.45.

వంటింటి_రాణి:
అందరూ కత్తిపీట కొనుక్కోండి.

సానరాయి:
ఆ ఎస్30వి సంగతి నాకు చెప్పకండి. రెండేళ్ళ కిందట అల్లుడు ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. సంక్రాంతి పూట మధ్యాహ్నం భోజనం చేసి నూరడానికి కూర్చుంటే దీపాలు పెట్టే వేళైంది. మా తాతల నాటి రాయి. నీళ్ళు చల్లడం, లాగడం, తిప్పడం. సరిగా నూరితే అవతలి వైపు అంచుకి సన్నటి గరుకు వస్తుంది, బొటనవేలితో అడ్డంగా తడిమితే తెలుస్తుంది. అది రాలేదు. పక్కల మాత్రం గీతలు పడ్డాయి. అల్లుడు చూసి ఏమీ అనలేదు గానీ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. అంత ఖరీదు పెట్టి మనశ్శాంతి పోగొట్టుకోవడం ఎందుకు?

టెక్సాస్_రాజా:
ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మాస్టారూ. తప్పు ఉక్కుది కాదు, రాయిది. ఎస్30వి లో 4 శాతం వెనేడియం ఉంటుంది. అది కార్బన్‌తో కలిసి కట్టే రేణువులు మామూలు అల్యూమినా రాయి కంటే గట్టివి. మీ తాతల నాటి రాయి సంగతి చెప్పక్కర్లేదు. కరిగిన ఉక్కుని గ్యాస్‌తో చిమ్మి పొడి చేసి, ఆ పొడిని అదిమి ముద్ద చేస్తారు. అందుకే ఆ రేణువులు సన్నగా, అంతటా సమంగా ఉంటాయి. దానికి వజ్రపు పొడి అతికించిన డైమండ్ ప్లేటు కావాలి. పది నిమిషాల్లో అయిపోతుంది.

సానరాయి:
చాకు కొని, దాన్ని నూరడానికి వజ్రాలు కూడా కొనాలా? ముప్పావలా కోడిపిల్లకు మూడు రూపాయల దిష్టి. మా దగ్గర తాటిచెట్లెక్కేవాళ్ళు చెక్క మీద పలుగురాయి పొడి చల్లి నూరుకుంటారు. ఆ కత్తితో గీస్తే గెల పొర కాగితంలా లేస్తుంది.

టెక్సాస్_రాజా:
నేను మూడు రూపాయలు పెడతానో ముప్పై పెడతానో మీకెందుకండీ?

పుల్లమామిడి:
ఒపినెల్ గురించి ఎవరైనా...

సానరాయి:
ఎందుకంటే కుర్రాడు అడిగాడు గనక. పదును ‘నిలుస్తుంది’ అని చెప్పి అమ్ముతారు. కోస్తే కదా నిలిచిందో లేదో తెలిసేది! అమెరికాలో ఏసీ గదిలో కూర్చునేవాళ్ళకి చాకు దేనికి? అమెజాన్ పెట్టెలు చింపడానికి. దానికి ఏ ఉక్కైనా మూడేళ్ళు వస్తుంది.

టెక్సాస్_రాజా:
సరే, చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెప్తున్నా. టెక్సాస్ అనగానే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు అందరూ. నేను సరుకుల గోడౌన్లో రాత్రి షిఫ్టు. ఒక్క షిఫ్టులో రెండు వందల అట్టపెట్టెలు కోస్తాను, ఒక్కోసారి ఎక్కువే. అట్టని తేలిగ్గా తీసేయకండి, అందులో కలిసే దుమ్ము, మట్టి అంచుని గరుకు కాగితంలా అరగదీస్తాయి. మొదట్లో నాదీ కార్బన్ చాకే. రెండో బ్రేకుకల్లా మొద్దుబారేది. మొద్దు చాకుని గట్టిగా నొక్కితే జారి ఎడమ అరచేతిలో దిగింది, ఐదు కుట్లు. ఇప్పుడు షిఫ్టు మధ్యలో తోలు పట్టీ మీద నాలుగుసార్లు లాగుతాను, అంతే. రాయి మీదికెక్కితేనే పదును పెట్టినట్టు అని నా లెక్క. ఆ లెక్కలో నాలుగుసార్లు. మీకు అరుగు మీద ఐదు నిమిషాలు విశ్రాంతి. పొద్దున ఏడింటికి ఇల్లు చేరినవాడికి అది ఇంకో షిఫ్టు.

మోడరేటర్:
ఎవరు ఏ గదిలో కూర్చుంటారనేది వదిలేసి చాకుల గురించి మాట్లాడండి.

నల్లమల_నడక:
కుట్లు అంటే గుర్తొచ్చింది, చాకు జేబులో పెట్టుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళకండి. నాది డబ్బాలో వేయించుకున్నారు.

సానరాయి:
ఏసీ గది మాట వెనక్కి తీసుకుంటున్నా బాబూ. చెయ్యి జాగ్రత్త. తోలు పట్టీ అని మొదటే చెప్తే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. కానీ నా ఐదు నిమిషాల్ని విశ్రాంతి అని నువ్వు తేలిగ్గా తీసుకున్నావు. నా చాకు బ్లేడు మొదట రెండు వేళ్ళ వెడల్పుండేది. పాతికేళ్ళు నూరితే ఇప్పుడు వేలంతైంది. అరగనివాటిని చూస్తే నాకు ఎవరిదో తెచ్చుకున్నట్టుంటుంది. నీకు అరగకూడదు, నాకు అరగాలి. ఇక దీనికి ఉక్కేం చేస్తుంది?

టెక్సాస్_రాజా:
పాతికేళ్ళలో సగం బ్లేడు రాయికి పోశారు. అదే నేను మొదటినుంచి చెప్తున్నది!

సానరాయి:
పోశాను. నా బ్లేడు.

ఉక్కుపిచ్చి:
వీధిలో సైకిల్ మీద వచ్చే సానచక్రం వాళ్ళకి మాత్రం ఇవ్వకండి ఎవరూ. నిప్పురవ్వలు లేచి అంచు నీలంగా మారిందంటే ఆ మేరకు ఉక్కు మెత్తబడినట్టే. నీలం రంగు వచ్చేసరికి వేడి 300 డిగ్రీలు చేరుతుంది. కోనసముద్రం...

వంటింటి_రాణి:
కోనసముద్రం మళ్ళీ వచ్చింది.

పుల్లమామిడి:
అందరికీ థాంక్స్. ఏదీ కొనలేదు. సొరుగు వెతికితే నాన్న పాత విక్టోరినాక్స్ స్విస్ చాకు దొరికింది, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో అది 56 ఉక్కేనట, కాస్త మెత్తనిది కాబట్టి దేనిమీదైనా నూరుకోవచ్చని ఆఫీసులో ఒకాయన చెప్పారు. పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని ఆ అంచు మీద నూరాను. ముందు మార్కర్‌తో బ్లేడు అంచుకి రంగు పూశా. రంగు పై భాగంలోనే పోతుంటే చాకుని ఇంకాస్త ఎత్తి పట్టా. ఇరవై నిమిషాలు పట్టింది. టమాటా జారకుండా తెగుతోంది.

టెక్సాస్_రాజా:
శభాష్. నూరాక పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగు, ముందుకి తోయకు.

సానరాయి:
టమాటా ఎవరైనా కోస్తారు. న్యూస్ పేపరు ఒక చేత్తో వేలాడదీసి నిలువునా కోసి చెప్పు.