సిలువలో ‘స’నా, ‘శ’నా?

గుంటూరు పాఠకురాలు: “సిలువనుగూర్చిన వార్త, నశించుచున్న వారికి వెఱ్ఱితనము...” ఆ తరువాతి ముక్క రెండు రోజులుగా గుర్తుకు రావడం లేదు. పైగా నేను ‘శిలువ’ అని రాస్తే మా అత్తగారు ఎర్ర పెన్సిలుతో ‘సి’ అని దిద్దారు. ఏది ఒప్పు?

ప్రూఫ్‌రీడరు: “రక్షింపబడుచున్న మనకు దేవుని శక్తి.” మొదటి కొరింథీయులు 1:18. అత్తగారిదే ఒప్పు. ‘శిల’ గుర్తుకొచ్చి ఎవరో శకారం తగిలించారు, అంతే.

సికింద్రాబాదు: సంస్కృతంతో దీనికి చుట్టరికమే లేదు. తూర్పు క్రైస్తవుల పాత ఆరాధనా భాష సిరియాక్. అందులోని ‘స్లీబా’ తమిళంలో ‘సిలువై’ అయి మన దగ్గరికి వచ్చింది. కేరళ సుర్యానీ క్రైస్తవులు ఇప్పటికీ ‘స్లీబా’ అంటారు. ఉర్దూవారి ‘సలీబ్’ కూడా ఆ ధాతువుదే. ఇందులో శకారానికి చోటెక్కడ?

పద్యప్రియుడు: ఉంది. తమిళ లిపిలో అక్కడ రాసేది చకారపు గుర్తు. చ, స రెండింటికీ అదే. ఇకారం ముందు దాన్ని ‘శి’గా విన్న చెవులు ఉండవా? శకారం తప్పు కాదు, వినికిడి.

సికింద్రాబాదు: ఊహ బాగుంది, ఆధారమే లేదు. తమిళ దారి మాత్రం నిజం. 1746–47లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ ముందు తమిళ తీరంలోని తరంగంబాడిలో తమిళం నేర్చినవాడే.

గుంటూరు పాఠకురాలు: జాషువా ఎలా రాశారు? నాకు ఆయనే ప్రమాణం.

పద్యప్రియుడు: యతిస్థానంలో దొరికినా తేలదమ్మా, శ, ష, స లకు మైత్రి ఉంది కదా. అచ్చుప్రతి చూపిస్తే అది కంపోజిటరు అభిప్రాయం కావచ్చు. అయినా అందరూ ‘గబ్బిలం’ దగ్గరే ఆగిపోతారు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది ‘క్రీస్తు చరిత్ర’కు. అది చదవండి, స, శ గొడవ మరిచిపోతారు.

ప్రూఫ్‌రీడరు: తప్పంతా కంపోజిటరు మీదకు నెట్టడం కవుల అభిమానులకు అలవాటే.

తెనాలి మాస్టారు: కొఱతవేయడమన్న తెలుగు మాట ఉండగా ఈ అరువు ఎందుకు? సువార్తల గ్రీకు మూలంలో సిలువకున్న మాట ‘స్టౌరోస్’ కూడా మొదట నిలువు గుంజే.

సికింద్రాబాదు: మాస్టారూ, కొఱత అంటే ఒంట్లోకి గుంజ దించడం. మరి శిష్యుడు తోమా యేసు చేతుల్లో చూస్తానన్న మేకుల గురుతులు ఎక్కడి నుంచి వస్తాయి?

ప్రూఫ్‌రీడరు: అది సరే, ఆ ‘కొఱత’కు బండి ఱ ఎవరు పెట్టారు?